తుప్పు బిగించిన బోల్టు: పాత కారు సస్పెన్షన్ విప్పే పద్ధతి

యానాం, గోపాల్‌పూర్ వంటి తీరప్రాంతాలలో పదిహేనేళ్లు తిరిగిన కారును జాకీ మీద పైకెత్తి చూస్తే, పైన నిగనిగలాడే రంగుకూ అడుగున కనిపించే ఇనుముకూ పొంతన ఉండదు. అడుగున ఉన్న నట్లు, బోల్టులు గోధుమరంగు పొక్కులతో ఉబ్బి, నట్టు ఎక్కడ ముగిసి బోల్టు ఎక్కడ మొదలైనదో తెలియని స్థితిలో ఉంటాయి. అరిగిపోయిన షాక్ అబ్జార్బర్‌ను మార్చడం గంట పని అనుకుని మొదలుపెట్టినవారికి రెండు రోజులు పట్టడం ఈ ప్రాంతాలలో సర్వసాధారణం. కొత్త భాగం ధరకన్నా దానిని పట్టి ఉంచిన పాత బోల్టును ఊడదీయడానికి అయ్యే కూలి ఎక్కువ కావడం కూడా అరుదేమీ కాదు.

ఈ పనిని వాయిదా వేయడం క్షేమకరం కాదు. సొంత కారుకు తొలి నమోదు గడువు 15 సంవత్సరాలు. ఆ తరువాత ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి నమోదును పునరుద్ధరించుకోవాలి. తనిఖీ మాట అటుంచినా, అరిగిన బుష్‌లతోనూ పనిచేయని షాక్ అబ్జార్బర్లతోనూ నడిచే కారు మలుపులో అదుపు తప్పుతుంది. బ్రేకు వేసినపుడు ఒక పక్కకు లాగుతుంది. అయితే బిగుసుకుపోయిన బోల్టుతో మొరటుగా పెనుగులాడడం కూడా అంతే ప్రమాదకరం. కారు కింద పడుకున్న మనిషి ప్రాణం ఆ పెనుగులాటలోనే ఇమిడి ఉంటుంది. కనుక తుప్పు స్వభావాన్నీ, దానిని వదిలించే క్రమాన్నీ తెలుసుకోవడం కారు యజమానికీ, షెడ్డులో పనిచేసే కుర్రవానికీ సమానంగా అవసరం.

తుప్పు ఎందుకు బిగిస్తుంది?

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసిన చోట తుప్పు పుడుతుంది. ఉప్పు ఈ చర్యను వేగవంతం చేస్తుంది. ఉప్పు కలిసిన తేమ విద్యుత్తును సులువుగా ప్రసరింపజేస్తుంది. అందులోని క్లోరైడు ఇనుముపై ఏర్పడే రక్షణ పొరను నిలవనీయదు. శీతల దేశాలలో రహదారులపై మంచు కరగడానికి చల్లే ఉప్పు కార్లను తినివేస్తుంది. మన తీరంలో ఆ పనిని సముద్రపు గాలి చేస్తుంది. తుపానుల వేళ ఉప్పునీరు ఊళ్లలోకి చొచ్చుకువస్తే దాని ప్రభావం మరింత తీవ్రంగా ఉంటుంది. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ సమీపాన తీరం దాటిన ఫైలిన్ వంటి తుపానును చూసిన వాహనాల అడుగుభాగాన్ని ప్రత్యేకంగా పరీక్షించడం అందుకే అవసరం. బళ్లారి, హోసూరు వంటి లోతట్టు పట్టణాలలో గాలి పొడిగా ఉండడం వలన ఇదే వయసున్న కారు బోల్టులు చాలావరకు మామూలు పానాకే లొంగుతాయి. అక్కడ దుమ్ము ప్రధాన శత్రువు; ఇక్కడ ఉప్పు.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఇనుము తుప్పుగా మారినపుడు అది ఆక్రమించే చోటు రెండింతలకు పైగా పెరుగుతుంది. నట్టు మరకూ బోల్టు మరకూ మధ్య ఉండే సందు వెంట్రుకవాసి మాత్రమే. ఆ సందులో పుట్టిన తుప్పు బయటికి పోవడానికి దారి లేక, రెండు మరలనూ ఒకదానికొకటి నొక్కిపట్టి ఉంచుతుంది. అంటే నట్టును బిగించినది మనిషి చేయి కాదు, లోపల ఉబ్బిన తుప్పు. ఈ ఒక్క విషయం గ్రహిస్తే తరువాతి పద్ధతులన్నీ వాటంతట అవే బోధపడతాయి. తుప్పును మెత్తబరచడం, పగులగొట్టడం, సందును పెంచడం, చివరికి నట్టునే త్యజించడం అనేవి నాలుగు మార్గాలు. వాటిని ఆ వరుసలోనే ప్రయత్నించాలి. గోటితో పోయేదానికి గొడ్డలి అందుకోవడం వలన నష్టమే ఎక్కువ.

ఏ కారులో ఏ బోల్టు?

మన ప్రాంతాలలో నేటికీ కనిపించే పాత కార్లలో అంబాసిడర్, మారుతి 800 ముఖ్యమైనవి. రెండింటి ఉత్పత్తీ 2014లోనే నిలిచిపోయింది. అంబాసిడర్‌కు ముందు భాగంలో టోర్షన్ బార్లు, వెనుక కమాన్ కట్టలు ఉంటాయి. కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యు-బోల్టులు, కట్ట చివరల కన్నాలలో ఉండే షాకిల్ పిన్నులు తుప్పుకు తొలి ఆహారం. బ్రిటిష్ నమూనా నుండి పుట్టిన కారు కావడం వలన ఇందులో అంగుళాల కొలత పానాలు అవసరమవుతాయి. మిల్లీమీటర్ల పానాను ‘దాదాపు సరిపోయింది’ అని వాడితే నట్టు అంచులు నునుపు కావడం తథ్యం.

మారుతి 800లో ముందు చక్రానికి స్ట్రట్ ఉంటుంది. స్ట్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఒకే నిలువు స్తంభంగా ఉండే ఏర్పాటు ఇది. స్ట్రట్ అడుగున ఉన్న రెండు పెద్ద బోల్టులు, కింది ఆర్మ్ బుష్ బోల్టు, బాల్ జాయింట్‌ను పట్టి ఉంచే బోల్టు, వెనుక షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తరచుగా మొరాయించేవి. తరువాతి కాలంలో వచ్చిన చిన్న కార్లలో అత్యధికం ఇదే తరహావి కనుక ఇక్కడ చెప్పే పద్ధతులు వాటికీ వర్తిస్తాయి.

ప్రాణరక్షణ తరువాతే పని

జాకీ కారును పైకెత్తడానికే గాని, ఎత్తి ఉంచడానికి కాదు. ఎత్తిన వెంటనే కారు చట్రంలోని దృఢమైన చోట ఇనుప స్టాండ్లు పెట్టి, కారు బరువును వాటిపైకి దింపాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కింద చేయి కూడా పెట్టరాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లకు ప్రత్యామ్నాయం కావు. అవి ముందస్తు సూచన లేకుండా పగులుతాయి. తీరప్రాంతపు పెరళ్లలో నేల ఇసుకగా, తడిగా ఉంటుంది. అటువంటి చోట స్టాండు కాళ్లు దిగబడకుండా మందమైన పలక వేయాలి; సిమెంటు నేల దొరికితే మరీ మంచిది. నేలపై నిలిచిన చక్రాలకు ముందూ వెనుకా కొయ్య ముక్కలు అడ్డుపెట్టాలి. చక్రం నట్లను కారు నేలమీద ఉండగానే అర చుట్టు వదులు చేసుకోవాలి.

కింద పడుకున్నవారు పైకి చూస్తూ పనిచేస్తారు కనుక తుప్పు రజను నేరుగా కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పనికి దిగరాదు. మందపాటి చేతితొడుగులు, మూతబడిన చెప్పులు కూడా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, స్ప్రింగులో దాగిన శక్తి. స్ట్రట్ పైకొసన మధ్యలో ఉండే నట్టును, స్ప్రింగును కంప్రెసర్ పరికరంతో నొక్కిపట్టకుండా ఎన్నడూ విప్పకూడదు. అది విప్పిన మరుక్షణం స్ప్రింగు బాణంలా ఎగురుతుంది. అంబాసిడర్ టోర్షన్ బారు కూడా మెలితిరిగిన శక్తితో నిండి ఉంటుంది. దాని బిగువును క్రమంగా తగ్గించకుండా ఆర్మ్‌ను ఊడదీయరాదు. వెనుక స్ప్రింగులున్న కార్లలో ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది చాలావరకు షాక్ అబ్జార్బరే. దాని బోల్టు తీసే ముందు ఇరుసు కింద మరొక జాకీ ఆనించి ఉంచాలి. లేకుంటే ఇరుసు ఒక్కసారిగా జారి, స్ప్రింగు బయటికి దూకడమే కాక బ్రేకు గొట్టం తెగవచ్చు.

మొదటి రోజు: శుభ్రపరచి నానబెట్టడం

అనుభవజ్ఞులైన మెకానిక్కులు మొదటి రోజు పానా ముట్టరు. ముందు వైర్ బ్రష్‌తో బోల్టు బయటికి పొడుచుకువచ్చిన మరను శుభ్రంగా రుద్దుతారు. ఇది అల్పమైన పనిగా కనిపించినా ఫలితం ఎక్కువ. నట్టు వెనక్కి రావలసినది ఆ మర మీదుగానే. అక్కడ పెచ్చులు కట్టిన తుప్పును అలాగే వదిలేస్తే, అప్పటిదాకా కదిలిన నట్టు కూడా మధ్యలో మళ్లీ పట్టేస్తుంది. నట్టు పలకల మీది పొక్కులను కూడా తొలగిస్తేనే పానా పూర్తిగా కూర్చుంటుంది.

తరువాత చొరబడే నూనె వేయాలి. డబ్బాలలో దొరికే స్ప్రేలు ఇందుకు ఉపకరిస్తాయి. పాత షెడ్లలో డీజిలును పలుచని ఇంజను ఆయిలుతో కలిపి వాడే ఆనవాయితీ ఉంది. ఆటోమేటిక్ గేరుపెట్టె నూనెనూ ఎసిటోన్‌నూ సమపాళ్లలో కలిపిన మిశ్రమం కూడా బాగా పనిచేస్తుందని పేరు. ఆ రెండూ త్వరగా విడిపోతాయి కనుక ప్రతిసారీ బాగా కలిపి వేయాలి. ఎసిటోన్ ఆవిరి క్షణంలో అంటుకుంటుంది. దాని దరిదాపులకు బీడీ గాని, గ్రైండరు నిప్పురవ్వ గాని రాకూడదు.

ఏ నూనె అన్నదానికన్నా ఎంత సమయం అన్నది ప్రధానం. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మరునాడు పనికి ముందు ఒకసారి వేసి, ప్రతిసారీ నట్టుపై చిన్న సుత్తితో నాలుగు పక్కలా తేలికగా తట్టాలి. ఆ అదురుకు తుప్పు పొరలో సన్నని బీటలు పడతాయి. నూనె వాటి గుండా లోపలికి దిగుతుంది. నట్టు ఒక పక్క నుండి, బోల్టు తల మరొక పక్క నుండి రెండువైపులా నానబెట్టడం మంచిది. బ్రేకు డ్రమ్ము, డిస్కు, రబ్బరు బుష్‌ల మీద మాత్రం నూనె పడరాదు. బ్రేకు మీద పడితే పట్టు పోతుంది. రబ్బరు మీద పడితే అది ఉబ్బి పాడవుతుంది.

రెండవ రోజు: బలం కన్నా అదురు మేలు

రింగ్ పానాలలోనూ సాకెట్లలోనూ పన్నెండు కోణాలవీ, ఆరు కోణాలవీ అని రెండు రకాలుంటాయి. తుప్పు పట్టిన నట్టుకు ఆరు కోణాల సాకెట్టే వాడాలి. అది నట్టు పలకలను విశాలంగా పట్టుకుంటుంది. పన్నెండు కోణాలది మూలలను మాత్రమే పట్టి, వాటిని తినివేస్తుంది. తెరచిన నోటి పానాను, స్లైడ్ రెంచీని తొలి బిగువు వదిలించడానికి వాడకపోవడం శ్రేయస్కరం.

నట్టును ఎదురుగా చూసినపుడు గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా తిప్పితే అది వదులవుతుంది. కారు కింద పడుకుని, నట్టును వెనుక నుండి చూసేవారికి ఈ దిశ తారుమారుగా కనిపిస్తుంది. గంటసేపు నట్టును మరింత బిగిస్తూ, ‘ఇది రావడం లేదు’ అనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పని మొదలుపెట్టే ముందే దిశను నిర్ధారించుకోవాలి.

మొదట నట్టును వదులు చేసే దిశలో కాక, బిగించే దిశలో కొంచెం తిప్పి చూడడం ఒక మంచి కిటుకు. పట్టు విడవడానికి కావలసినది తొలి కదలిక. అది ఏ వైపు వచ్చినా ఫర్వాలేదు. వెంట్రుకవాసి కదిలితే చాలు, పట్టు విడిచినట్టే. ఆ తరువాత పావు చుట్టు వెనక్కి, అర పావు ముందుకు, నూనె వేసి మళ్లీ పావు చుట్టు వెనక్కి అనే క్రమంలో సాగాలి. కదిలింది కదా అని ఏకధాటిగా తిప్పితే, పొడిగా రాలిన తుప్పు మరలో చిక్కుకుని బోల్టు మెడ తెగుతుంది.

పానాకు పైపు తొడిగి పొడవు పెంచడం అందరికీ తెలిసిన ఉపాయమే. దాని లెక్క కూడా తెలిసి ఉండాలి. 30 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బలం వేస్తే నట్టు మీద పడే మెలి 6 కిలోగ్రామ్-మీటర్లు. అదే బలాన్ని 90 సెంటీమీటర్ల పైపు చివర వేస్తే 18 కిలోగ్రామ్-మీటర్లు. 10 మిల్లీమీటర్ల మందం, 8.8 గుర్తు ఉన్న బోల్టును మామూలుగా బిగించేది 5 కిలోగ్రామ్-మీటర్ల పరిసరాలలో. మూడింతలకు పైగా మెలిపెడితే ఊడేది నట్టు కాదు, తెగేది బోల్టు. కనుక పెద్ద బోల్టులకే పైపు తొడగాలి. చిన్న వాటికి అది నిషిద్ధం. పైపును నెమ్మదిగా లాగాలి, కాలితో తొక్కరాదు. పానా జారితే తల గాని, మోచేయి గాని దేనికి తగులుతుందో ముందే చూసుకోవాలి.

బోల్టు తల మీద నిటారుగా పెద్ద సుత్తితో రెండు మూడు గట్టి దెబ్బలు కొట్టడం కూడా ప్రయోజనకరం. ఎయిర్ గన్, బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచీ చేసేది కూడా ఇదే తరహా పని. అవి నట్టును లాగవు, ఎడతెరపి లేని చిన్న దెబ్బలతో తుప్పును పొడి చేస్తాయి. అందుకే చేతికి లొంగని నట్టు వాటికి లొంగుతుంది.

అగ్ని ప్రయోగం

నూనెకూ, దెబ్బకూ లొంగని నట్టును వేడిచేయడం తదుపరి మార్గం. ఉక్కును ఒక డిగ్రీ వేడిచేస్తే దాని పొడవు పది లక్షలలో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నట్టు బోల్టుకన్నా 300 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, రంధ్రం దాదాపు 0.04 మిల్లీమీటరు పెద్దదవుతుంది. చూడడానికి ఇది అత్యల్పమే. మరల మధ్య తుప్పు పొరను చీల్చడానికి ఇది చాలు. ఇక్కడ కీలకం ఏమిటంటే, వేడి చేయవలసినది నట్టును, బోల్టును కాదు. రెండూ సమంగా వేడెక్కితే రెండూ సమంగా పెరుగుతాయి, ప్రయోజనం శూన్యం. అందుకే సన్నని గ్యాస్ మంటను నట్టు చుట్టూ వేగంగా తిప్పి, వెంటనే పానా వేయాలి. నట్టు కొంత చల్లారుతున్నపుడు కొవ్వొత్తిని మర మొదట్లో తాకిస్తే, కరిగిన మైనం సందులోకి పీల్చుకుపోయి మరను జారుడుగా చేస్తుంది.

ఈ ప్రక్రియను అనుభవం ఉన్న గ్యాస్ వెల్డరుకు అప్పగించడమే ఉత్తమం. మంటకు ముందు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. నానబెట్టిన నూనెను గుడ్డతో పూర్తిగా తుడవాలి. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం సమీపంలో మంట పెట్టరాదు. షాక్ అబ్జార్బర్ గొట్టాన్ని ఎన్నడూ వేడిచేయరాదు. లోపలి నూనె, వాయువు పొంగి అది పేలవచ్చు. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో కడిగిన భాగంపై మంట పడితే విషవాయువు వెలువడుతుంది. జింకు పూత ఉన్న బోల్టును కాల్చినపుడు వచ్చే తెల్లని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. నీళ్ల బకెట్, ఇసుక, వీలైతే అగ్నిమాపక సిలిండరు దగ్గర ఉంచుకోవాలి. పెట్రోలు అంటుకుంటే నీళ్లు పోయరాదు, ఇసుకే వాడాలి.

ఎర్రగా కాలిన బోల్టును తిరిగి వాడకూడదు. బోల్టు తలపై ఉండే 8.8 అనే అంకె దాని బలాన్ని సూచిస్తుంది. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల వరకు తెగకుండా ఓర్చుకుంటుందని. చుక్క తరువాతి 8 అంటే అందులో 80 శాతం దాకా శాశ్వతంగా సాగదని అర్థం. ఈ బలం కర్మాగారంలో వేడిచేసి, చల్లార్చి, పదును పెట్టడం వలన వచ్చినది. మంటలో కాలితే ఆ పదును పోతుంది.

నట్టు ఊడినా కదలని బోల్టు

నట్టు ఊడి వచ్చిన తరువాత కూడా బోల్టు బయటికి రాకపోవడం సస్పెన్షన్ పనిలో ప్రత్యేకమైన చిక్కు. రబ్బరు బుష్ లోపల ఒక ఇనుప గొట్టం ఉంటుంది. బోల్టు ఆ గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. అప్పుడు బోల్టు తలను తిప్పితే గొట్టమూ దానితో పాటే తిరుగుతుంది, రబ్బరు మెలితిరిగి తిరిగి యథాస్థానానికి వస్తుంది. చేతికి స్ప్రింగును తిప్పుతున్నట్టు అనిపిస్తుంది. ఈ లక్షణం కనబడగానే తిప్పడం ఆపివేయాలి.

అటువంటపుడు నట్టును బోల్టు చివర నాలుగు చుట్లు తిరిగి ఎక్కించి, దాని మీద కొట్టాలి. నట్టు లేకుండా కొడితే మర చివర పుట్టగొడుగులా విచ్చుకుని, రంధ్రం గుండా అసలే రాదు. దెబ్బలకు కదలకపోతే రంపపు బ్లేడుతో గాని, గ్రైండరుతో గాని బుష్‌కు రెండు పక్కలా బోల్టును కోసి, ఆర్మ్‌ను బుష్‌తో సహా బయటికి తీయడమే దారి. ఎలాగూ బుష్ మార్చవలసినదే కనుక దీనిలో నష్టం లేదు.

బాల్ జాయింట్, స్టీరింగ్ రాడ్ కొన వంటివి కోసుగా ఉన్న రంధ్రంలో బిగిసి ఉంటాయి. వీటి నట్టును పూర్తిగా తీయక, చివరి రెండు మూడు చుట్ల మీద ఉంచాలి. విడిపోయినపుడు ఆర్మ్ ఒక్కసారిగా మీద పడకుండా అది కాపాడుతుంది. ఆపై రంధ్రం ఉన్న ఇనుప కన్నుకు ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి, ఎదుటి పక్క నుండి మరొక సుత్తితో కొట్టాలి. కన్ను క్షణకాలం ఆకారం మారి, కోసు పిన్నును వదిలేస్తుంది. రెండు కొమ్ముల కత్తిలాంటి పనిముట్టును దూర్చితే పని త్వరగా అవుతుంది గాని, రబ్బరు తొడుగు చిరుగుతుంది. పాత జాయింటును పారవేయదలచినపుడే దానిని వాడాలి. కొన్ని చిన్న కార్లలో బాల్ జాయింట్ పిన్నుకు ఒక గాడి ఉండి, అడ్డంగా బిగించిన బోల్టు ఆ గాడిలో కూర్చుంటుంది. ఆ బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. అది లోపల ఉండగా ఎంత కొట్టినా జాయింటు రాదు.

అంబాసిడర్ కమాన్ కట్టల యు-బోల్టుల విషయంలో మీమాంస అక్కరలేదు. బిగించినపుడు సాగిన ఈ బోల్టులను ఎలాగూ కొత్తవాటితో మార్చాలి. కనుక గంటల తరబడి నూనెతో కాలయాపన చేయక, నట్టు పక్కగా కోసివేయడమే తెలివైన పని. గ్రైండరు రవ్వలు పెట్రోలు ట్యాంకు వైపు పోకుండా రేకు అడ్డుపెట్టాలి.

బోల్టు తెగితే

ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని బోల్టులు తెగుతాయి. నట్టు తోడున్న బోల్టు తెగితే చింత లేదు, కొత్తది వేయవచ్చు. చట్రానికే మర కోసి ఉన్న చోట, లేదా చట్రం లోపల నట్టు అతికించి ఉన్న చోట తెగితేనే సమస్య. మిగిలిన మొండెం కొద్దిగానైనా బయటికి ఉంటే, దానిపై ఒక కొత్త నట్టును ఉంచి వెల్డింగు చేయించాలి. దీని వలన రెండు లాభాలున్నాయి. పానాకు పట్టు దొరుకుతుంది. వెల్డింగు వేడి మొండెం పొడవునా పాకి తుప్పును వదులుస్తుంది. వెల్డింగుకు ముందు కారు బ్యాటరీ తీగలను విప్పివేయాలి.

మొండెం లోపలే ఉండిపోతే, సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్‌తో గుర్తుపెట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి క్రమంగా పెద్దది చేసుకుంటూ తొలవాలి. రంధ్రంలో ఎడమ మర ఉన్న ఎక్స్‌ట్రాక్టరును దించి తిప్పడం మరొక పద్ధతి. ఎక్స్‌ట్రాక్టరు అతి గట్టి ఉక్కుతో చేసినది, పెళుసైనది. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లుకు లొంగదు, మూలిగే నక్కపై తాటికాయ పడినట్టే. తుప్పుతో గట్టిగా పట్టేసిన బోల్టుకు దానిని వాడకపోవడమే మేలు.

తిరిగి బిగించేటపుడు

ఊడదీయడంలో పడిన శ్రమ మరొకసారి పడకుండా ఉండాలంటే బిగింపులోనే జాగ్రత్త ఉండాలి. మరలను వైర్ బ్రష్‌తో, అవసరమైతే ట్యాప్‌తో శుభ్రం చేయాలి. కొత్త బోల్టు పాతదాని మందంలోనూ పొడవులోనూ మాత్రమే కాక, తలపై అంకెలోనూ సరిపోవాలి. సామాను దుకాణంలో దొరికే అంకె లేని బోల్టును సస్పెన్షన్‌కు వాడడం ఆత్మహత్యాసదృశం. నైలాన్ వలయం ఉన్న నట్లను, స్ప్లిట్ పిన్నులను తిరిగి వాడరాదు, కొత్తవి వేయాలి.

బోల్టు నడుముకూ, బుష్ గొట్టం లోపలికీ రాగి పొడి కలిసిన యాంటీ-సీజ్ పేస్టును పలుచగా పూయాలి. ఉప్పుగాలి ఊళ్లలో ఇది తప్పనిసరి. అయితే మరకు పూసినపుడు రాపిడి తగ్గుతుంది కనుక, పొడి మరకు చెప్పిన టార్క్ కొలతనే అనుసరిస్తే బోల్టు అతిగా సాగుతుంది. తయారీదారు పొడిగా బిగించమని చెప్పిన చోట మరను పొడిగానే ఉంచి, బోల్టు నడుముకు మాత్రమే పూయడం క్షేమం.

చాలామంది విస్మరించే అంశం ఒకటుంది. రబ్బరు బుష్‌ల బోల్టులను కారు గాలిలో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించరాదు. అప్పుడు ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. ఆ స్థితిలో బిగిస్తే, కారు నేలమీదికి దిగిన వెంటనే రబ్బరు మెలితిరిగి, నిరంతరం ఆ మెలితోనే ఉండి, కొద్ది నెలలలోనే చిరుగుతుంది. చేతి బిగువుతో అన్నిటినీ అమర్చి, కారు బరువు చక్రాలపై పడిన తరువాతనే టార్క్ రెంచీతో తుది బిగింపు చేయాలి. కొద్ది రోజులు నడిచిన తరువాత అన్ని నట్లనూ మళ్లీ పరీక్షించాలి. యు-బోల్టులను మరీ ముఖ్యంగా. స్ట్రట్ గాని, ఆర్మ్ గాని తీసిన పక్షంలో చక్రాల అలైన్‌మెంట్ చేయించనిదే పని పూర్తి అయినట్టు కాదు.

ఎప్పుడు ఆపాలి?

బోల్టు చుట్టూ ఉన్న చట్రాన్ని స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలి. మొన లోపలికి దిగినా, పెచ్చులు ఊడి రంధ్రం పడినా ఆ కారుకు కావలసినది కొత్త బోల్టు కాదు, చట్రానికే మరమ్మతు. కొత్త షాక్ అబ్జార్బర్‌ను కుళ్లిన ఇనుముకు బిగించడం మోసపూరితమైన భద్రత. అటువంటి దశలో రేకు అతుకులు వేయించాలా, కారును విరమింపజేయాలా అన్నది వెల్డరుతో సంప్రదించి యజమాని తీసుకోవలసిన నిర్ణయం. తండ్రి కొన్న కారు అన్న మమకారం సహజమే గాని, దానిలో ప్రయాణించే పిల్లల క్షేమం అంతకన్నా ముఖ్యం.

చట్రం గట్టిగా ఉంటే మాత్రం నివారణ చాలా చౌక. వర్షాకాలం ముగిసిన తరువాత ఒకసారి, వేసవి మొదట్లో ఒకసారి అడుగుభాగాన్ని మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బయటికి కనిపించే మరలపై గ్రీజు గాని, మైనపు పూత గాని వేయాలి. సముద్రపు ఒడ్డున ఇసుకలో నడిపిన కారునైతే అదే రోజు కడగాలి. అరగంట పనీ, గుప్పెడు గ్రీజూ ఖర్చయ్యే ఈ అలవాటు ఉన్న కారులో పదేళ్ల తరువాత కూడా నట్టు పానాకే లొంగుతుంది. అది లేని కారులో అదే నట్టుకు గ్యాస్ మంట కావలసి వస్తుంది. ఆ మంట కింద పడుకోవలసి వచ్చేది తరచుగా కారు యజమాని కాదు, షెడ్డులో దినకూలికి పనిచేసే కుర్రవాడు. గ్రీజు పూయడాన్ని బద్ధకించే ముందు యజమానులు ఈ సంగతిని గుర్తుంచుకోవడం న్యాయం.